జీరో టికెట్టు, జీరో ఎఫ్ఐఆర్

మా పిన్ని మెడలో రెండు కాసుల నానుతాడు బస్సులో ఎవరో తెంపుకుపోయారు. ఏ బస్సో, ఏ రూటో చెప్పను. చెబితే అది ఎవరి లిమిట్స్‌లోకి వస్తుందనే చర్చ మళ్లీ మొదలవుతుంది. అంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ మిగల్లేదు.

మొదటి స్టేషన్లో మర్యాదగానే కూర్చోబెట్టారు.

"ఎక్కడ పోయిందమ్మా?"

"బస్సులో బాబూ."

"అప్పుడు బస్సు ఎక్కడుంది?"

"రోడ్డు మీదే ఉంది బాబూ."

పిన్ని ఇలా తేలిగ్గా మాట్లాడితే దర్యాప్తు ఎలా సాగుతుంది? ఆవిడ మెడ తడుముకున్నది ఏ ఊళ్లో, అంతకుముందు తడుముకున్నది ఏ ఊళ్లో, మధ్యలో ఎన్ని స్టాపులు అని లెక్కకట్టి, ఇది తమ పరిధి కాదని అరగంటలో తేల్చేశారు. దొంగ దొరకడం ఆలస్యం కావచ్చు గానీ, సరిహద్దు మాత్రం మన పోలీసుల చేతిలోంచి తప్పించుకోలేదు.

వాళ్ల కష్టం కూడా చూడాలి లెండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఇక్కడి బస్సు ప్రయాణం మామూలు ప్రయాణం కాదు. తణుకులో ఎక్కితే పశ్చిమ గోదావరి. పెరవలి వచ్చేసరికి తూర్పు గోదావరి. సిద్ధాంతం చేరితే మళ్లీ పశ్చిమం. వంతెన మీద వశిష్ఠ దాటి రావులపాలెంలో దిగితే కోనసీమ. గంట పట్టదు. కిటికీ పక్క సీటు దొరికినవాడు ఒక జిల్లాలో కునుకు మొదలుపెట్టి, రెండో జిల్లాలో గురకపెట్టి, మూడో జిల్లాలో లేస్తాడు. వాడి జేబు ఏ జిల్లాలో ఖాళీ అయిందో ఏ ఎస్సై మాత్రం చెప్పగలడు? ధవళేశ్వరం దాటాక గోదారి కూడా పాయలుగా చీలిపోతుంది. అయినా ఏ నీటిచుక్క ఏ పరిధిదని దాన్ని ఎవరూ అడగరు కాబట్టి హాయిగా సముద్రంలో కలుస్తోంది.

కాబట్టి నాదొక మనవి. ప్రతి బస్సులో డ్రైవరు, కండక్టరుతో పాటు ఒక సర్వేయరును కూడా వేయాలి. ఎవరైనా "అయ్యో నా గొలుసు!" అనగానే బస్సు ఆపి, గొలుసు పట్టి కొలవాలి. పోయిన గొలుసు కాదు, సర్వే గొలుసు.

ఇంత అవసరం లేకుండా చట్టంలోనే ఒక దారి పెట్టారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌కి వెళ్తే ఆ స్టేషన్లోనే రాసుకోవాలి. దానికి జీరో నంబరు వేసి (అదే జీరో ఎఫ్ఐఆర్), తర్వాత అసలు పరిధి ఉన్న స్టేషన్‌కి వాళ్లే పంపుకోవాలి. కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి. రెండో స్టేషన్లో నేను ఈ మాటే ఎత్తాను. వాళ్లు నా వైపు జాలిగా చూసి, "జీరో" అన్న మాటకి తమకు తెలిసిన అర్థాన్నే అమలు చేశారు.

ఈలోగా మా పిన్ని ఇంకో జీరో గురించి ఆలోచిస్తోంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు అంటూ స్త్రీశక్తి పథకం వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఆధార్ చూపించడం, కండక్టరు మిషన్ నొక్కడం, సున్నా రూపాయల టికెట్టు చేతిలో పెట్టడం, అన్నీ అర నిమిషంలో అయిపోతున్నాయి. నిలబడడానికి చోటు లేని పల్లెవెలుగులో, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని మరీ ఇస్తాడు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఇంకో జీరో ఎందుకు రాదు?

దీని గుట్టు లెక్కల్లో ఉంది. ప్రతి జీరో టికెట్టూ ఆర్టీసీకి లెక్కే, ఆ డబ్బు ప్రభుత్వం దగ్గర అడగాలి కాబట్టి రాస్తే లాభం. ప్రతి ఎఫ్ఐఆరూ స్టేషన్‌కి ఒక నేరం పెరిగినట్టు, రాస్తే మీటింగులో తలవంపు. పైగా కండక్టరు తల మీద చెకింగ్ స్క్వాడ్ ఉంది. దారిలో ఎక్కడో ఎక్కి, తలకాయలూ టికెట్లూ లెక్కపెట్టి, ఒకటి తగ్గితే ఉద్యోగం మీదికి తెస్తారు. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, జిల్లాల్లో అథారిటీలు పెట్టమని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో చెప్పింది. స్టేషన్లలో మాటలు కూడా వినిపించే కెమెరాలు పెట్టి, రికార్డింగు 18 నెలలు దాచమని 2020 డిసెంబరులో మళ్లీ చెప్పింది. మేము వెళ్లిన స్టేషన్లో కెమెరా ఉంది. క్యాలెండరు వెనక.

మూడో స్టేషన్లో మాత్రం కాగితం, పెన్ను ఇచ్చారు. మా ఆనందం ఒక్క వాక్యం సేపు నిలిచింది. "తెంపుకుపోయారని వద్దమ్మా, పడిపోయిందని రాయండి. త్వరగా అయిపోద్ది." ఏం అయిపోతుందో తర్వాత అర్థమైంది. దొంగ మాయమై, వాడి స్థానంలో అజాగ్రత్త మనిషి ఒకావిడ నిలబడింది. కేసులో నిందితురాలు ఇప్పుడు మా పిన్నే.

పిన్నిది బంగారం కాబట్టి కనీసం కాసుల్లో చెప్పుకోగలిగింది. రద్దీలో వెనక నుంచి తగిలే చేతుల్ని ఏ కాలేజీ పిల్ల ఏ తూకంలో చెప్పాలి? "ఏ ఊరి దగ్గర తగిలిందమ్మా?" అని అడుగుతారేమోనన్న భయానికే సగంమంది స్టేషన్ మెట్టు ఎక్కరు.

పిన్ని ఇప్పుడు మెడలో గిల్టు గొలుసు వేసుకుని తిరుగుతోంది. మొన్న కండక్టరిచ్చిన జీరో టికెట్టును నాలుగు మడతలు పెట్టి, పాత టికెట్లతో కలిపి పర్సులో దాచుకోవడం చూశాను.

"ఎందుకు పిన్నీ, డబ్బులిచ్చి కొన్నావా ఏంటి?" అన్నాను.

"ఉండనీరా. సర్కారోళ్లు నేను చెప్పిన ఊరు చెప్పినట్టు రాసిచ్చిన కాగితం ఇదొక్కటే."