లినక్స్ మీద స్టూడియో పని సాగదన్న ఫార్వర్డుకు జవాబు

"స్టూడియోవాళ్లకు హెచ్చరిక" అనే సందేశం ఒకటి నెల్లూరు, ఒంగోలు వీడియోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో పదిహేను రోజులుగా తిరుగుతోంది. ఇప్పటికి ఏడుగురు మిత్రులు నాకు పంపారు. ఉచితంగా దొరికే లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్) మీద ఆడియో, వీడియో పనులు సాగవని చెబుతూ అందులో అయిదు మాటలు రాశారు: ఊరికే వచ్చేదానికి నాణ్యత ఉండదు; ఎడిటింగుకు సాఫ్ట్‌వేర్లు లేవు; పాట రికార్డు చేస్తే గొంతు ఆలస్యంగా వినిపిస్తుంది; తెలుగు రాదు; కాబట్టి యాంటీవైరస్ ఆపేసి క్రాక్ వెర్షన్ (డబ్బు కట్టకుండా వాడేలా తాళం విరిచిన నకలు) వేసుకోండి, నెల్లూరు దాకా వచ్చి ఎవడు చూస్తాడు. మొదటి నాలుగూ తెలియక రాసినవని ఊరుకునేవాణ్ని. అయిదోది మనవాళ్ల కొంప ముంచే మాట కాబట్టి రాయక తప్పడం లేదు.

నాణ్యత గురించిన మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. 1997లో వచ్చిన 'టైటానిక్' గ్రాఫిక్స్ రెండరింగు కోసం డిజిటల్ డొమైన్ సంస్థ వాడిన యంత్రాల్లో నూటికి పైగా లినక్స్ మీదే నడిచాయి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 'ఫ్లో' తయారైనది ఉచితంగా దొరికే బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో. సాఫ్ట్‌వేర్లు లేవన్నవారు ఆడియో, వీడియో పనులకోసం కూర్చిన లినక్స్ అయిన ఉబుంటు స్టూడియోను ఒక్కసారి పెన్‌డ్రైవ్ నుంచి నడిపి మెనూ తెరిస్తే చాలు. కేడెన్‌లైవ్, ఆర్డర్, ఆడాసిటీ, ఓబీఎస్, జింప్, ఇంక్‌స్కేప్, బ్లెండర్ అన్నీ దానితోపాటే వస్తాయి.

గొంతు ఆలస్యంగా వినిపిస్తుందన్న మాట రాసినవారు ఒకసారి ప్రయత్నించి విసుగెత్తి వదిలేసి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే మొదట నాకూ అలాగే జరిగింది. ఒంగోలు నుంచి వచ్చిన ఒక పద్యనాటక కళాకారుడు హార్మోనియం పక్కన పెట్టుకుని రాగం తీస్తూ, కాసేపటికి ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపి పాడటం మొదలుపెట్టారు. తన గొంతు తనకే వెనకబడి వినిపిస్తుంటే ఏ గాయకుడైనా చేసే పని అదే. చూస్తే బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ముందుకు పంపేముందు పోగుచేసుకునే మొత్తం, 1024 శాంపిళ్ల (శబ్దపు చిన్న ముక్కల) దగ్గర ఉంది. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన అది ఒక్కటే 21 మిల్లీసెకన్లు, అదీ ఒకవైపు ప్రయాణానికే. దాన్ని 128కి తగ్గిస్తే మూడు మిల్లీసెకన్ల లోపుకు వస్తుంది. అయితే యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చి రియల్‌టైమ్ ప్రాధాన్యం (శబ్దం పని మిగతా పనులకంటే ముందు జరిగే వీలు) ఇవ్వకపోతే అంత చిన్న బఫర్‌తో చిటపట శబ్దాలు వస్తాయి. నేను మరిచిపోయింది ఆ గ్రూపు సంగతే. అది సరిచేసి, లినక్స్‌లో శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ మీద మళ్లీ రికార్డు పెట్టగానే ఆయన తనంతట తానే హెడ్‌ఫోన్ చెవి మీదికి లాక్కున్నారు. ఏళ్ల తరబడి విడిగా అతికించుకోవలసి వచ్చిన రియల్‌టైమ్ మార్పులు 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నెల్ (లినక్స్ మూలభాగం) నుంచి అసలు లినక్స్‌లోనే భాగమయ్యాయి.

ఇక అయిదో మాట. కావలిలో నాకు తెలిసిన ఒక చిన్న స్టూడియో యజమాని సరిగ్గా ఇలాంటి సలహానే నమ్మి, యాంటీవైరస్ ఆపి, అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇచ్చి, ఎవరో పంపిన క్రాక్‌ను నడిపారు. తెల్లవారి చూసేసరికి ప్రతి క్లిప్పు పేరు చివర నాలుగు కొత్త అక్షరాలు చేరి ఉన్నాయి. ఏదీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డరులోనూ ఒక టెక్స్ట్ ఫైలు. అందులో 980 డాలర్లు కట్టమనీ, 72 గంటల్లోపు కడితే 490 చాలనీ ఉంది. 'స్టాప్' రకం రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పంపే చీటీ అది. ఆ రకం ప్రధానంగా వ్యాపించింది క్రాకుల ద్వారానే. బ్యాకప్ హార్డ్‌డిస్కు కూడా అప్పుడు తగిలించే ఉంది కాబట్టి అదీ పోయింది. మూఢం వెళ్లగానే వరసగా ముహూర్తాలు ఉండటంతో కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసి మరో పెళ్లికి వాడేశారు. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఆ ఇంటివాళ్లకు చూపించడానికి ఒక్క క్లిప్పు మిగల్లేదు. నెల్లూరు దాకా ఎవడు వస్తాడని రాసినవారిని అడుగుతున్నాను: ఆ ఫైళ్లకు తాళం వేసినవాడు నెల్లూరు వచ్చాడా? పెళ్లికూతురి తండ్రి ముందు నిలబడి సమాధానం చెప్పడానికి మీరు వస్తారా? యాంటీవైరస్ తలుపు మూసి ఉంచితే, దాన్ని తీసి పెట్టమని వందల మందికి చెప్పడం ఎలాంటి హెచ్చరిక? చట్టం సంగతి కూడా వినండి. నకలు అని తెలిసీ ప్రోగ్రామును వాడితే 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, యాభై వేలకు తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి వాడనివారి విషయంలో జైలుశిక్ష వేయకుండా వదిలే వీలు కోర్టుకు ఉంది కానీ, స్టూడియో నడిపేది వ్యాపారానికే కదా.

తెలుగు రాదన్న మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోను. మండలి, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, కేడెన్‌లైవ్ టైటిళ్లలో ఒత్తులు చెదరకుండా వస్తాయి. కానీ ఆ మాట వెనక ఉన్న ఇబ్బంది నిజమైనది. మన ఆల్బమ్ డిజైనర్ల చేతిలో ఉన్నవి అను ఫాంట్లు. అవి రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చినవి కాబట్టి ఆ ఫాంటు లేనిచోట పెళ్లికొడుకు పేరు అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా మారిపోతుంది. పైగా ఏళ్లుగా కొని పోగేసుకున్న పీఎస్‌డీ (ఫొటోషాప్) టెంప్లేట్లను జింప్‌లో తెరిస్తే కొన్ని లేయర్ల ఎఫెక్టులు మారిపోతాయి. డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగు సాఫ్ట్‌వేర్ అలవాటైనవారికీ ఒక చిక్కు ఉంది: దాని ఉచిత లినక్స్ వెర్షన్ ఫోన్లు, కెమెరాలు ఇచ్చే హెచ్.264 వీడియోను తీసుకోదు, ముందు మార్చుకోవాలి, మార్చిన ఫైళ్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి. ఈ మూడింటిలో తప్పు వాడేవారిది కాదు.

కావలి మిత్రుడు ఇప్పుడు వీడియో ఎడిటింగు, రికార్డింగు ఉబుంటు స్టూడియో మీద చేస్తున్నారు. ఆల్బమ్ డిజైనరు కూర్చునే యంత్రంలో మాత్రం డబ్బు కట్టి కొన్న విండోస్, నెలవారీ చందా ఫొటోషాప్ ఉన్నాయి. దాన్ని మార్చమని నేను చెప్పలేదు. బ్యాకప్ డిస్కు కాపీ పూర్తయిన వెంటనే వైరు తీసి బీరువాలో పెట్టమని మాత్రం చెప్పాను.