తన్నదు, కరవదు: మొదటి కారు అమ్మడం వెనక కథ

అమెరికాలో ర్యాన్సమ్ ఓల్డ్స్ 1892లో తాను తయారుచేసిన ఆవిరి బండి గురించి చెప్పిన మాటలు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ఇది తన్నదు, కరవదు, ఎంత దూరం వెళ్లినా అలసిపోదు, ఎండలో చెమట పట్టదు, దారిలో ఉన్నప్పుడు మాత్రమే తింటుంది అన్నాడు. యంత్రం గురించి ఒక్క ముక్క లేదు, అంతా గుర్రం గొడవే. నా దృష్టిలో మాత్రం కారు అమ్మకంలో ఇంత తెలివైన మాట అరుదు. కొనేవాడికి కారంటే ఏమిటో తెలియదు కానీ గుర్రం తెలుసు. పని లేని రోజు కూడా దానికి మేత వెయ్యాల్సిందేనని ఇంకా బాగా తెలుసు.

తొలికారు కొనేవాడికి డబ్బొక్కటే అడ్డు కాదు. సలహా అడుగుదామంటే పక్కింట్లో కారు లేదు, బావమరిది కూడా ఎప్పుడూ ఎక్కలేదు. నడపడం ఎవరు నేర్పుతారు? ఊరి బయట ఆగిపోతే దిక్కెవరు? జర్మనీలో బెర్తా బెంజ్ 1888లో భర్త కార్ల్‌కి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లు కారులో వెళ్లింది. దారిలో ఇంధనం మందుల షాపులో కొంది. గొట్టంలో చెత్త అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసింది. దీన్ని సాహసగాథగానే చెబుతారు గానీ, నాకైతే కారు చరిత్రలో మొదటి డెమో ఇదే అనిపిస్తుంది. కారు దారిలో ఆగుతుంది, కానీ ఇంటికి చేరుస్తుంది అని జనానికి కళ్లారా చూపించింది.

హెన్రీ ఫోర్డ్ కథలో అందరూ అసెంబ్లీ లైన్ (కారు వరసలో కదులుతుంటే ఒక్కొక్కరు ఒక్కో భాగం బిగించే పద్ధతి) దగ్గరే ఆగిపోతారు. దానివల్ల 1908లో 850 డాలర్లున్న ఫోర్డ్ కారు మోడల్ టి ధర 1920లలో 300 డాలర్ల కిందికి వచ్చింది కాబట్టి జనం కొన్నారని తేల్చేస్తారు. అది సగం నిజమే. ఆ కారు నిజంగా ఎలా ఉండేదో చూడండి. స్టార్ట్ చెయ్యాలంటే కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగే ప్రమాదం ఉండేది (బండి తన్నదన్న ఓల్డ్స్ మాటకి ఇదొక వెక్కిరింపు). 1912 మోడల్ క్యాడిలాక్‌లో ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చినా, ఫోర్డ్ కొన్నవాళ్లు 1919 దాకా ఆగాల్సి వచ్చింది. పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు లేదు. సీటు ఎత్తి ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవాలి. పెట్రోలు తగ్గినప్పుడు నిటారు ఎత్తు ఎక్కాల్సి వస్తే ఇంజిన్‌కి ఇంధనం అందదు, కారు తిప్పి రివర్స్‌లో ఎక్కించాలి!

ఇన్ని తిప్పలున్న కారు అన్ని లక్షలమంది ఇళ్లకి ఎలా చేరింది? పల్లెటూరి రైతు భయాల్ని అది ఒక్కొక్కటిగా తీర్చింది కాబట్టి. ఎత్తుగా ఉండేది, బురదదారిలో కింద తగలదు. గేర్ల కోసం కుస్తీ పట్టక్కర్లేదు, కాలితో తొక్కితే చాలు. చిన్న ఊళ్లలోనూ డీలరు ఉండేవాడు, విడిభాగాలు దొరికేవి, చాలా రిపేర్లు రైతే చేసుకునేవాడు. వెనక చక్రం పైకి లేపి బెల్టు తగిలిస్తే కట్టెలు కోసేది, నీళ్లు తోడేది. షికారు కోసం ఇంత డబ్బు తగలేశావా అని ఇంట్లో అడిగితే చెప్పుకోవడానికి రైతు దగ్గర జవాబుంది.

ఇంత తెలిసిన ఫోర్డ్ అప్పు విషయంలో తప్పటడుగు వేశాడు. ఆయనకి అప్పంటే పడదు. పోటీ కంపెనీ జనరల్ మోటార్స్ 1919లోనే సొంత ఫైనాన్స్ కంపెనీ పెట్టి, కొంత కట్టు, కారు తీసుకెళ్లు, మిగతాది వాయిదాల్లో ఇవ్వు అంది. ఫోర్డ్ 1923లో వారానికి 5 డాలర్లు జమచేసే పథకం తెచ్చాడు. మన నగల షాపుల నెలవారీ స్కీమ్ లాంటిదే, డబ్బంతా కట్టాకే సరుకు చేతికొస్తుంది. కారు మీద మనసు పడినవాడిని ఏడాది పాటు నడిచి వెళ్లమంటే ఆగుతాడా? పథకం పెద్దగా సాగలేదు.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. 1920ల మధ్యకి మొదటిసారి కొనేవాళ్లు తగ్గారు. రెండోసారి కొనేవాడికి భయాలు లేవు; రంగు, నాలుగు పక్కలా మూసిన బాడీ, కాస్త దర్జా కావాలి. ఆ దర్జా జనరల్ మోటార్స్ వాళ్ల షెవ్రొలే కారు ఇచ్చింది. డబ్బు తక్కువున్నవాడు సెకండ్ హ్యాండ్ కారు వైపు చూశాడు, అందులో పాత ఫోర్డులూ బోలెడు. తను అమ్మిన కార్లే తనకి పోటీ అయ్యాయి. కోటిన్నర కార్లు చేశాక 1927 మేలో మోడల్ టి ఆగిపోయింది.

ఎనభై ఏళ్ల తర్వాత మన దేశంలో టాటా నానో ఈ గుంటలోనే పడిందని నా అభిప్రాయం. స్కూటర్ మీద నలుగురు వెళ్లే కుటుంబానికి లక్ష రూపాయల కారు ఇవ్వాలన్న రతన్ టాటా ఆలోచనలో తప్పేమీ లేదు. 2009లో 2 లక్షలకు పైగా బుకింగులు కూడా వచ్చాయి. కానీ ఇక్కడ కొనేవాడి భయం వేరు. కారు నడపడం, రిపేరు చేయించడం మనవాళ్లకి మారుతి 800 అప్పటికే నేర్పేసింది. మిగిలింది నలుగురూ ఏమనుకుంటారోనన్న టెన్షన్ ఒక్కటే. దానికి తోడు అన్నింటికన్నా చవకైన కారు అని పేరు పడింది. ఆ పేరు దెబ్బతీసిందని టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. 2018లో ఉత్పత్తి ఆగింది.

దాదాపు అదే డబ్బుకి బయట పాత మారుతి దొరికేది. దాన్ని తెచ్చి గుడి ముందు నిమ్మకాయలు తొక్కిస్తుంటే వీధిలోవాళ్లు ఎంతకొచ్చిందని అడిగేవాళ్లు, కొన్నాయన కాస్త పెంచి చెప్పుకునేవాడు. నానో తెచ్చినాయనకి ఆ వీలు లేదు. ధర టీవీలో ముందే చెప్పేశారు.