పంక్ పాట నున్నగా ఉంటే తప్పేంటి?

తిరుపతి నుంచి పూతలపట్టు మీదుగా చిత్తూరు వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఈమధ్య నేను వినేది ఒకటే ఆల్బం, గ్రీన్ డే అనే అమెరికన్ పంక్ బ్యాండ్ వాళ్ళ ‘సేవియర్స్’. 2024 జనవరిలో వచ్చింది. మొత్తం 15 పాటలు. డ్రమ్ము మీద పడే ప్రతి దెబ్బా విడిగా తెలుస్తుంది, పల్లవి రెండోసారికే నోటికి వచ్చేస్తుంది. వేగంగా, కోపంగా సాగే ఈ పంక్ రాక్ అంటే ప్రాణం పెట్టే నా స్నేహితులు కొందరు మాత్రం దీన్ని సగంలోనే ఆపేశారు. మరీ శుభ్రంగా ఉందట, రేడియో కోసం చేసినట్టుందట. నాకు నచ్చింది. ఆ శుభ్రం వల్లే నచ్చింది.

పంక్ అంటే గరుకుగా ఉండాలి, తప్పులు అలాగే వదిలేయాలి అన్న నమ్మకం ఎక్కడిదో చూద్దాం. 1976లో రమోన్స్ అనే అమెరికన్ పంక్ బ్యాండ్ తొలి ఆల్బం సుమారు 6,400 డాలర్లతో, కొద్ది రోజుల్లోనే తయారైంది. నిజంగానే చవకగా, వేగంగా చేసిన పని. కానీ ఆ పాటల కట్టుబడి చూడండి. రెండు రెండున్నర నిమిషాలు, వెంటనే పట్టుకునే పల్లవి, అరవైల నాటి అమెరికన్ రేడియో పాటల మీద ఉన్న ప్రేమ. ఇక ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ 1977 ఆల్బం సంగతి. కోపానికి మారుపేరైన ఆ రికార్డుకు పనిచేసిన నిర్మాతల్లో క్రిస్ థామస్ ఒకరు. అంతకుముందు బీటిల్స్ దగ్గరా, పింక్ ఫ్లాయిడ్ దగ్గరా పనిచేసిన మనిషి. బ్యాండ్‌లోని స్టీవ్ జోన్స్ గిటార్‌ను పొరల మీద పొరలుగా రికార్డు చేస్తేనే ఆ గోడలాంటి శబ్దం వచ్చింది. మనం గరుకు అని మురిసిపోయినదాంట్లో కూడా స్టూడియో చెమట చాలానే ఉంది.

నా వరకు అసలు విషయం వేరే. నేను తెలుగు మీడియంలో చదివాను. కాలేజీ రోజుల్లో స్నేహితులు ఇచ్చిన పాత పంక్ పాటలు ఎంత ఇష్టంగా విన్నా, గిటార్ల హోరులో గొంతు మునిగిపోయేది. ఊపు అందేది, మాట అందేది కాదు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు సగం మాట విని మిగతా సగం ఊహించుకోగలరు. నాకది కుదరలేదు. ‘సేవియర్స్’లో గొంతును గిటార్ల ముందుకు తెచ్చారు, పదం చివరి అక్షరం దాకా వినిపిస్తుంది. ఈ నునుపు వల్ల లాభపడినవాళ్ళలో నాలాంటి దూరపు శ్రోతలు చాలామంది ఉంటారు.

వినిపించేది కూడా తక్కువ మాటేం కాదు. మొదటి పాట పేరే ‘ది అమెరికన్ డ్రీమ్ ఈజ్ కిల్లింగ్ మీ’. అమెరికా కల నన్ను చంపేస్తోంది అని. ఉద్యోగం లేనివాళ్ళు, వీధిన పడ్డవాళ్ళు అందులో ఉన్నారు. పిల్లలను అమెరికా పంపడానికి పొలం కుదువపెట్టిన ఇళ్ళు మా వైపు నాకు తెలుసు. అలాంటి చోట ఈ మాట స్పష్టంగా చెవిన పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. హోరులో కలిసిపోయి ఉంటే నేను దాన్ని దాటుకుని వెళ్ళిపోయేవాణ్ణి.

మా తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకు, మాట స్పష్టంగా వినిపిస్తేనే తగులుతుందని కొత్తగా చెప్పక్కర్లేదు. బండ వేషం, తోటి వేషం వేసుకుని వీధుల్లో తిరుగుతూ బూతులు తిట్టడం ఆ వారం రోజులూ ఆచారం. పంబ ఎంత మోగినా తిట్టు స్పష్టంగానే పడుతుంది. ఎదుటివాడికి అర్థం కాకపోతే ఆ ఆచారానికే పని లేదు. ఇంకోవైపు అన్నమయ్యను తలుచుకోండి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, స్వరం లేదు. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు బాణీలు కట్టాక, మంచి గాయకులు రికార్డు చేశాక అవి ఇంటింటికీ చేరాయి. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేనన్న మాట ఎంత తీయగా పాడినా పదును తగ్గలేదు.

డబ్బు సంగతి వేరు. అమెరికాలో బర్క్‌లీలోని 924 గిల్మన్ స్ట్రీట్ అనే చిన్న పంక్ వేదికలో పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బ్యాండ్లకు చోటు లేదన్న నియమం ఉండేది. అక్కడే ఎదిగిన గ్రీన్ డే, పెద్ద కంపెనీ వార్నర్ కింద ఉన్న రిప్రైజ్‌తో ఒప్పందం మీద సంతకం చేసి 1994లో ‘డూకీ’ ఆల్బం తెచ్చింది. ఆ గుమ్మం వాళ్ళకు మూసుకుపోయింది. మళ్ళీ అక్కడ వాయించింది 2015లో, ఒక సహాయ కచేరీ కోసం. ఆ నియమాన్ని నేను గౌరవిస్తాను. చిన్న వేదిక బతకాలంటే అలాంటి గట్టిదనం కావాలి. కానీ అది పాట ఎవరి చేతిలో ఉంది, లాభం ఎవరికి పోతోంది అన్న ప్రశ్న. శబ్దం నున్నగా ఉందా అన్నది కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే మంచి పాట విన్న మనిషి కూడా ఏదో తప్పు చేసినట్టు టెన్షన్ పడుతున్నాడు.

అలాగని ఆల్బంలో లోపాలు లేవనను. శబ్దం మొదటినుంచి చివరిదాకా ఒకే ఎత్తులో ఉంటుంది, ఇయర్‌ఫోన్లలో వరసగా వింటే చెవి అలిసిపోతుంది. మధ్యలో రెండు మూడు పాటలు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. ‘డూకీ’, ‘అమెరికన్ ఇడియట్’ చేసిన రాబ్ కవాలోనే దీనికీ నిర్మాత కాబట్టి పాత అలవాట్లు అక్కడక్కడా బయటపడతాయి. అయితే ‘డిలెమా’ అనే పాటలో తాగుడు నుంచి బయటపడి మళ్ళీ జారిపోయే మనిషి బాధను అంత తీయని బాణీలో వింటుంటే నాకు గొంతు పట్టుకుంది. అదే బాధను అరిచి చెప్పి ఉంటే అరుపే వినేవాణ్ణేమో.

పోయిన వారం బస్సులో పక్కన కూర్చున్న డిగ్రీ కుర్రాడు నా ఫోన్ వైపు చూసి, “ఏం పాటన్నా అది?” అని అడిగాడు. ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. కాసేపు తల ఊపుతూ విన్నాడు. “బాగుండాదన్నా” అన్నాడు. తర్వాత ఊపడం ఆపి, “అమెరికా కల చంపేస్తా ఉండాది అంటా ఉండాడా?” అని అడిగాడు. అవునన్నాను. వాళ్ళ అక్క డాలస్‌లో ఉందట. పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు.