రెక్టిఫైయర్ ట్యూబు దొరవారికి, నల్లగొండ నుంచి

దొరా 5ఏఆర్4 గారూ, ఉరఫ్ జీజెడ్34 గారూ,

బాంచెన్ నీ కాల్మొక్త. గిటార్ ఆంప్ లోపల కూసోని ఏసీ కరెంటును డీసీ జేసే గాజు ట్యూబువు నువ్వు. మొక్కుదమని వంగి చూస్తే సాకెట్ల ఎనిమిది తొర్రలున్నయ్ గానీ నీకు పనిజేసే కాళ్లు నాలుగే, 2, 4, 6, 8. 2కు 8కి నడుమ 5 వోల్టులు పెట్టి తమర్ని ఎచ్చగ జెయ్యాలె, 4కు, 6కు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడొందల చిల్లర వోల్టుల ఏసీ అందియ్యాలె, అప్పుడు తమరు తీరుబడిగ వేడెక్కి 8వ కాలు నుంచి డీసీ దయచేస్తరు. ఇంతే గదా నీ కొలువు? గిటార్ సిగ్నల్ నీ గడప కూడా తొక్కది. అయినా నీ పేరు చెప్పంగనే గిటార్ పట్టినోళ్లందరు లేచి నిలబడ్తరు, అసలుది వేస్తే టోన్ మస్తుంటదన్నా అంటరు, ఆ అసలుది ఏందంటే మాత్రం ఒక్కొక్కడు ఒక్కో దేశం పేరు చెప్తడు.

సాగ్ అనేది ఉన్నది, నేను కాదనట్లే. గట్టిగ ఒక కార్డు కొట్టంగనే వోల్టేజీ కుంగి మళ్ల లేస్తది, అది వేళ్లకు తెలుస్తది. కానీ ఆ మహిమ ఎక్కువగ నీ తోటి రెక్టిఫైయర్ ట్యూబులది. 5యూ4జీబీ ఫుల్ లోడు మీద 50 వోల్టుల దాకా మింగుతది, తమరు 225 మిల్లీ ఆంపుల కాడ కూడా 17 దాటరు. అంటే వరసకు నువ్వు సిలికాన్ డయోడుకు, అదే నీ పనే జేసి వోల్టేజీ దాదాపు మింగని చిన్న పార్టుకు, దగ్గరి చుట్టానివి, ఆ చుట్టరికం దాచిపెట్టి వార్మ్ టోన్ పేరు మీద వేలకు వేలు గుంజుతున్నవ్, ఆ డయోడు 1ఎన్4007 ఏమో కోఠి గుజరాతీ గల్లీల రూపాయి రెండు రూపాయలకు పడి ఉంటది, దాన్ని అన్నా అని పిలిచేటోడు లేడు.

మొన్న కొయిర్ ప్రాక్టీసుల తమరు జేసిన నిర్వాకం కూడా రాసుకోవాలె. ఆంప్ ఆన్ జేసి, కాసేపు ఆగి, పద్ధతిగ స్టాండ్‌బై స్విచ్, అదే ట్యూబులు ఎచ్చవడ్డంక పెద్ద వోల్టేజీ వదిలే స్విచ్, ఎత్తిన. లోపల నీలంగ ఒక మెరుపు, టప్పుమని ఫ్యూజు, ఇగ చీకటి. మా కీబోర్డు తమ్ముడు "ఫ్యూజుకు సిగరెట్ డబ్బల రేకు చుడ్త అన్నా, నడుస్తది" అన్నడు. ఫ్యూజు పోయిందంటే ట్రాన్స్‌ఫార్మర్ బతికిందని అర్థం, రేకు చుడ్తే ఈసారి పొయ్యేది అదే, అని చెప్పి ఆపిన. చర్చిల సిగరెట్ డబ్బ యాడికెళ్లొచ్చిందో మాత్రం అడగలే.

ఇగ నీ జాగల ఇంకొకర్ని వెతుకుడు మొదలైంది. 5యూ4జీబీ పెట్టు, సాకెట్ ఒకటే గదా అన్నడు ఒకాయన. సాకెట్ ఒకటే, ఆకలి వేరు, నీకు హీటర్‌కు 1.9 ఆంపులు చాలు, దానికి 3 కావాలె, ట్రాన్స్‌ఫార్మర్ల 2 ఆంపులకే చుట్టిన వైండింగ్ మీద దాన్ని కూసోబెడ్తే ట్రాన్స్‌ఫార్మర్ ఉడుకుతది. ఉల్టాగ, 5వై3 అనే ఇంకో రెక్టిఫైయర్ ఉన్న చిన్న ఆంప్‌ల నిన్ను పెడ్తే హీటర్‌కు ఏంగాదు గానీ బీ ప్లస్, అంటే నువ్విచ్చే డీసీ వోల్టేజీ, నలభై యాభై వోల్టులు పైకి లేస్తది, 450 వోల్టుల పాత కెపాసిటర్లకు అప్పుడు ప్రాణసంకటం. పాత ముల్లార్డ్ కంపెనీ ట్యూబు కొనమన్నడు ఇంకొకడు, ఇంగ్లాండుల బ్లాక్‌బర్న్‌ల తయారైంది. అది కొనాలంటే మాకున్న రెండెకరాల సంగతి ఆలోచించాలె. ఇప్పుడు కొత్త డబ్బల మీద అదే పేరుంటది గానీ చేసేది రష్యాల, సరాతోవ్ ఊర్ల, 2022ల ఆ దేశం ఎగుమతులు బంద్ పెట్టినప్పుడు ఎవనికి స్టాకున్నదో వాడే రాజు. స్లొవేకియాల జేజే కంపెనీది ఉన్నది, చైనావి ఉన్నయ్. పేరు చూసి మోసపోవుడు కంటే మీటర్ పెట్టి చూసుడు నయం అనిపించింది నాకు: చల్లగున్నప్పుడు 4కు 8కి, 6కు 8కి నడుమ మీటర్ బీప్ అని పలకొద్దు, 2కు 8కి నడుమ పలకాలె, ఊపితే లోపల గలగలమనొద్దు.

ఇంకో సంగతి, మా ఊరి కరెంటు గురించి నీ డేటాషీట్ల ఎవరు రాయలే. ఎండకాలం బోరు మోటర్లన్నీ ఒక్కసారి ఎత్తుకున్నయనుకో, 230 ఉండాల్సింది 190కి దిగుతది, అప్పుడు నీ 5 వోల్టులు 4.1 అయితయ్, తమరు చల్లబడ్తరు. రాత్రి మోటర్లు బందైతే 250, అప్పుడు 5.4. మరి తమరికి అటు పది శాతం ఇటు పది శాతమే గిట్టుతదట! పుట్టినకాడ్నే ఉండరాదు దొరా, ఇంతదూరం ఎందుకొచ్చినవ్?

సరే, ఒకటి ఆర్డర్ పెట్టిన, దిగంగనే షరతులు విను. నీ 4వ కాలుకు, 6వ కాలుకు ముందు డయోడులు కాపలా పెట్టిన, ఒక్కో కాలుకు రెండు వరసగ, ఎందుకంటే 350 ఏసీకి ఉల్టా వోల్టేజీ 990 దాకా పోతది, ఒక్క డయోడు ఓర్చుకునేది 1000, అంత అంచు మీద నడిచే ధైర్యం నాకు లేదు. ఇగ నువ్వు లోపల షార్టయినా ఏసీ పోయి ఫిల్టర్ కెపాసిటర్ల మీద పడది. ఆ మొదటి కెపాసిటర్ కూడా 60 మైక్రోఫారడ్ దాటనియ్య, నీ పరిమితి అదే గదా. స్టాండ్‌బై స్విచ్ ఎత్తిపెట్టి మీద టేపు అంటించిన, ఇగ పవర్ స్విచ్చే, నువ్వు నిదానంగ ఎచ్చవడ్తే వోల్టేజీ కూడా నిదానంగ ఎక్కుతది.

అన్నట్టు, నువ్వు రాకముందు ఆదివారం ఆరాధన సాకెట్ల దిగే రెడీమేడ్ డయోడ్ ప్లగ్గుతోనే నడిచింది. వోల్టేజీ కొంచెం ఎక్కువే చూపించింది, పవర్ ట్యూబుల బయాస్, అంటే అవి ఊరికె ఉన్నప్పుడు గుంజే కరెంటు, మళ్ల సెట్ చేసిన. సంఘంల ఒక్కరు కూడా టోన్ మారిందనలే. మా అత్తమ్మ మాత్రం వెనక బెంచిల కూసోని "ఇయ్యాల చప్పుడు జర సాఫ్‌గున్నది బిడ్డా" అన్నది, నీ పరువు కోసం ఆమె మాట ఎవరికీ చెప్పలే.

బిల్లు ట్రెజరర్ అన్నకు ఇచ్చిన. ట్యూబు అని రాస్తే, ట్యూబ్‌లైట్ ఇంత ధరనా అని కమిటీ ఒప్పుకోదట, ఆంప్ రిపేరు సామాన్లు అని రాయమన్నడు.

ఇట్లు,
కొయిర్ గిటారు, నల్లగొండ