గొడుగు లేని పిట్టకు న్యాయం జరగాలి

లోకంలో ఇన్ని సమస్యలుండగా ఒక బొమ్మ పిట్ట మీద వ్యాసమేమిటని కొందరు మూతి విరుస్తారు. విరవనివ్వండి. అరవై ఏళ్లుగా ఏటా డిసెంబరులో, క్రిస్మస్ రోజుల్లో, అమెరికా ఇళ్లలో పిల్లాపెద్దా టీవీ ముందు కూర్చుని చూస్తుండగా, ఆ పిట్టను ఆకాశం నుంచి కిందికి తోసేస్తున్నారు. ఇంతవరకు ఒక్క కేసు లేదు, ఒక్క విచారణ లేదు.

సంఘటన వివరాలు ఇవి. శాంటా బండి లాగే ఎర్రముక్కు జింక రుడాల్ఫ్ కథతో రాంకిన్-బాస్ సంస్థవాళ్లు టీవీకి తీసిన బొమ్మల సినిమా చివర పేర్లు పడుతుంటాయి. శాంటా బండి మబ్బుల్లో పోతుంటుంది. శాంటా దగ్గరి పొట్టి పనివాడొకడు ఒక్కో బొమ్మకు ఒక్కో గొడుగు ఇచ్చి కిందికి వదులుతుంటాడు. పిట్ట వంతు వచ్చేసరికి పిట్టే కదా, ఎగురుతుందిలే అనుకున్నాడు కాబోలు, గొడుగు లేకుండానే వదిలేస్తాడు. ఆ పిట్టకు ఎగరడం రాదు. ఈత మాత్రమే వచ్చు. అందుకేగా దాన్ని పనికిరాని బొమ్మల దీవిలో పెట్టింది! లబ్ధిదారు వివరాలు చూసుకోకుండా పథకం అమలు చేస్తే ఇలాగే ఉంటుంది.

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. ఈ దృశ్యం అసలు సినిమాలో లేనే లేదు. 1964 డిసెంబరు 6న ఎన్‌బీసీ ఛానెల్లో తొలిసారి వేసినప్పుడు, చివర్లో పొట్టి పనివాడు విసిరినవి సిబ్బంది పేర్లు రాసిన బహుమతి పొట్లాలు. దీవిలో బొమ్మలకు రుడాల్ఫ్ మాటైతే ఇచ్చాడు గానీ శాంటా అటువైపు తొంగి కూడా చూడలేదు. చూసినవాళ్ల మనోభావాలు దెబ్బతిన్నాయి. ఉత్తరాల మీద ఉత్తరాలు వెళ్లాయి. నిర్మాతలు దిగివచ్చి 1965లో కొత్త ముగింపు అతికించారు: శాంటా దీవికి వెళ్లడం, బొమ్మల్ని ఎక్కించుకోవడం, గొడుగులతో దింపడం. ప్రజా ఉద్యమం గెలిచింది, పిట్ట నేల రాలింది.

కొత్తది పెట్టాలంటే పాతది పీకాలి కదా. యూకాన్ కార్నీలియస్ అని ఒక గనుల పిచ్చోడున్నాడు. సినిమా పొడుగునా గునపం పైకి విసురుతాడు, అది దిగబడగానే పీకి నాలుకతో నాకుతాడు, ఏమీ లేదని నిట్టూరుస్తాడు. వెండి బంగారాల కోసం తిరిగేవాడు ఇనుము నాకడమేమిటని తరతరాల పిల్లలు బుర్ర గోక్కున్నారు. జవాబు 1964 ప్రతిలోనే ఉంది: అతగాడు వెతుకుతున్నది పిప్పరమెంటు గని. చివరికి దొరుకుతుంది కూడా. ఆ దొరికిన ముక్కనే కోసేశారు. దాంతో ఆయన దశాబ్దాల పాటు కారణం లేకుండా ఇనుము నాకుతూ మిగిలిపోయాడు. 1965లోనే ఒక పాట తీసేసి దాని స్థానంలో ఇంకో పాట పెట్టారు. ఆ తర్వాత ప్రకటనలకు చోటు చాలక ఛానెళ్లవాళ్లు మరికొంత కత్తిరించారు. అప్పట్లో గంట కార్యక్రమంలో అసలు సరుకు యాభై నిమిషాల పైమాటే ఉండేది, ఇప్పుడు నలభై దాటి నాలుగైదు నిమిషాలుంటే గొప్ప. మిగతాదంతా కార్లు, మాత్రలు.

అందుకే మా డిమాండు స్పష్టం: అసలుదే కావాలి. చెయ్యి పెట్టనిది, కత్తెర పడనిది.

కానీ ఏది అసలుదో తేల్చుకోవడానికి సభ పెడితే కొట్లాట తప్పేట్టు లేదు. 1964 డిసెంబరు సాయంత్రం చూసినవాళ్లకు గొడుగులు కలుషితం. డెబ్బైల్లో పుట్టినవాళ్లకు ఆ గొడుగులే పరమపవిత్రం, అవి లేని పాత ప్రతి చూపిస్తే "ఎవడో కత్తిరించాడ్రా" అని లబలబలాడతారు. పిప్పరమెంటు ముక్కను వెనక్కి తెచ్చి చూపిస్తే, ఇదేదో కొత్తగా కలిపారని అనుమానించేవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరి అసలు ప్రతి వాళ్లకు ఏడేళ్లప్పుడు వాళ్లింటి టీవీలో వచ్చిందే. న్యూజెర్సీలో, డాలస్‌లో స్థిరపడ్డ మనవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎచ్1బీ మీద దిగాక పిల్లల పక్కన కూర్చుని మొదటిసారి చూసిన తండ్రి, పదేళ్లు తిరిగేసరికి "మా రోజుల్లో ఇలా లేదే" అంటున్నాడు. ఆయన రోజుల్లో ఆయన కాకినాడలో ఎంసెట్‌కు చదువుతున్నాడు.

పోనీ కాగితాలు తీసి చూద్దామంటే అక్కడా చుక్కెదురు. రుడాల్ఫ్ మొదట్లో హక్కుల ప్రకటన రోమన్ అంకెల్లో పడుతుంది. 1964 అని వెయ్యబోయి ఒక 'ఎం' మింగేశారు, 1164 అయి కూచుంది. అంటే హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చెక్కించిన మరుసటి ఏడాదే, రుద్రదేవుడి హయాంలో, ఈ సినిమా పూర్తయినట్టు లెక్క. ప్రాచీనతే ప్రమాణమంటారా, ఇంతకన్నా ప్రాచీనమైంది నాకు తెలిసి ఇంకోటి లేదు.

మరి ఆ స్వచ్ఛమైన తొలి ప్రసారం ఎవరి పుణ్యం? జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీది. సినిమాలోని పొట్టి పనివాళ్లే మధ్యమధ్యలో ప్రకటనల్లోకి దూరి ఆ కంపెనీ వంటింటి సామాన్లు అమ్మిపెట్టారు. ఆ జింక సైతం గుడి గోపురం మీంచి దిగిరాలేదు. 1939లో మాంట్‌గోమరీ వార్డ్ దుకాణాలవాళ్లు పండక్కి వచ్చే పిల్లలకు ఉచితంగా పంచడానికి తమ ఉద్యోగి రాబర్ట్ మేతో రాయించిన పుస్తకంలో పుట్టింది. బేరం కోసం పుట్టిన జింకను బేరాలు పాడుచేశాయని మనం కన్నీళ్లు పెట్టుకుంటున్నాం.

ఈ విషయంలో రుడాల్ఫ్‌ను మించినవాడు ఇంకో క్రిస్మస్ సినిమాలోని కార్టూన్ కుర్రాడు చార్లీ బ్రౌన్. 1965 డిసెంబరు 9న సీబీఎస్ ఛానెల్లో వచ్చిన ఆ అరగంట సినిమాలో పాపం ఆ కుర్రాడి బాధంతా ఒక్కటే: పండగ వ్యాపారమైపోయింది. వాడి కుక్క స్నూపీ కూడా తన గూటికి దీపాల తోరణాలు కట్టి బహుమతి డబ్బుల కోసం పోటీకి దిగింది. అందరూ తళతళలాడే అల్యూమినియం చెట్టు తెమ్మంటే, వాడు మూడు రెమ్మల బక్క చెట్టు తెస్తాడు. స్నేహితుడు లైనస్ దుప్పటి పట్టుకుని వేదిక మధ్యలో నిలబడి లూకా సువార్త చదువుతాడు. చూసి కళ్లు చెమర్చని అమెరికన్ లేడు. ఆ చెమర్చే కళ్ల ఖర్చు భరించింది కోకాకోలా. తొలి ప్రతిలో స్నూపీ మంచు మీద గిరగిరా తిప్పి వదిలేస్తే లైనస్ ఎగిరివెళ్లి గుద్దుకున్నది కోకాకోలా బోర్డుకే. చివర్లో పిల్లలంతా నోళ్లు పైకెత్తి భక్తిగీతం పాడుతుంటే, మీ ఊళ్లో కోకాకోలా సీసాల్లో నింపేవాళ్ల శుభాకాంక్షలు పడ్డాయి. కంపెనీతో ఒప్పందం ముగిశాక ఆ బోర్డు, ఆ శుభాకాంక్షలు ఎగిరిపోయాయి. కాబట్టి నేడు మనం చూసేది కలుషిత ప్రతి. పండగలో వ్యాపారం వద్దనే సినిమాను అసలు రూపంలో చూడాలంటే ముందు కోకాకోలా బోర్డును తిరిగి నిలబెట్టాలి. ఈ పోరాటంలో వెనకడుగు వేసే ప్రసక్తే లేదు.

2020 అక్టోబరులో మరో పిడుగు పడింది. ఈ సినిమా ఇకపై మామూలు టీవీలో రాదని, యాపిల్ యాప్‌లోనే చూడాలని ప్రకటించారు. పండగ రోజుల్లో ఉచితంగా చూపిస్తామన్నా జనం శాంతించలేదు, సంతకాల సేకరణకు దిగారు. నవంబరుకల్లా రాజీ కుదిరి, డిసెంబరు 13న ప్రకటనలు లేని పీబీఎస్ ఛానెల్లో వేశారు. మధ్యలో ఒక్క కారు ప్రకటన లేకుండా చార్లీ బ్రౌన్! ఇదేం సంప్రదాయమండీ? అందుకే నిష్ఠాపరులు ఎనభైల్లో ఎవరో వీడియో క్యాసెట్‌లో రికార్డు చేసి దాచిన ప్రతులు వెతికి పట్టుకుంటున్నారు. బొమ్మ అలుక్కుపోయి ఉంటుంది, శబ్దం గరగరమంటుంది. కానీ ప్రకటనలు మాత్రం ఉంటాయి. సినిమా వచ్చినప్పుడు ముందుకు జరిపి, ప్రకటనలు రాగానే ఆపి ఆపి చూస్తారు.

మరో పండగ సినిమా, మంచుమనిషి ఫ్రాస్టీ కేసు చిన్నది. 1969లో కరెన్ అనే పిల్లకు జూన్ ఫోరే గొంతిచ్చారు. తర్వాతి ప్రసారాల్లో ఆ పిల్లకు వేరే గొంతు అతికించారు. పిల్ల మారలేదు, పెదాలు మారలేదు, గొంతు మారింది. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన తెలుగువాళ్లకు ఇందులో నేరమేమిటో అర్థం కాదు, అది మన దురదృష్టం.

ఇక సాక్ష్యాల గదిలో మిగిలింది ఒక్కటే: రుడాల్ఫ్ సినిమాలో వాడిన రుడాల్ఫ్, శాంటా బొమ్మలు. జపాన్‌లో తదహితో మోచినాగా బృందం చిత్రీకరించినవి. వీటిని ఎవరూ సవరించలేరు, ఇవే తిరుగులేని అసలు అనుకున్నాం. తీరా చూస్తే ఆ రెండూ చాలా ఏళ్లు నిర్మాణ సంస్థలో పనిచేసిన ఒకావిడ ఇంట్లో క్రిస్మస్ చెట్టు కింద అలంకారంగా గడిపాయట. జింక ముక్కు ఊడింది, శాంటా మీసం సగం పోయింది. 2006లో టీవీ వాళ్లు వాటి విలువ ఎనిమిది నుంచి పది వేల డాలర్లని తేల్చారు. పోయిన ముక్కు చోట కొత్తది, పోయిన మీసం చోట ఇంకోటి అతికించి బాగుచేశారు. 2020లో వేలం వేస్తే రెండూ కలిపి 3,68,000 డాలర్లకు పోయాయి. ఎర్రముక్కుతో పేరు తెచ్చుకున్న జింక, ఆ ముక్కు అసలుది కాదు, ధర మాత్రం పైసా తగ్గలేదు.