జమ్ముకు పాసుబుక్కు ఇవ్వాల్సిందే

ఈ ఏడు మా ఊరి కాలువ కింద పంట విరగ్గాసింది. మనిషి నిలువు దాటి ఇంకో రెండడుగులు లేచింది. ఎరువు వేసినోళ్లు లేరు, మందు కొట్టినోళ్లు లేరు, దిగుబడి మాత్రం గింజంత తగ్గలేదు. కాకపోతే అది కాలువ కింద కాదు, కాలువలోనే పండింది. పంట పేరు జమ్ము, కాలువల్లో తనంతట మొలిచే పొడుగాటి గడ్డి.

మా వరి సంగతి అడగొద్దు. మాది కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) చివరి ఆయకట్టు. పెండ్లిలో ఆఖరి బంతి అనుకోండి. విస్తరి వేస్తారు, నీళ్లు చల్లుకోమంటారు, ఆ తర్వాత వడ్డించేవాడు కనపడడు. మా విషయంలో చల్లుకోవడానికి ఆ నీళ్లు కూడా రావు. జమ్ముది మొదటి బంతి. తూము ఎత్తిన గంటకే కడుపు నింపుకుంటుంది. ఏ పొలానికి నీళ్లో తేల్చే తైబందీ అడగదు, వంతులవారీగా నీళ్లు వదిలే వారబందీ అంటే ఏమిటో తెలియదు, కాలువ కాపలా చూసే లస్కరుకు దండం పెట్టదు.

శ్రీబాగ్ ఒప్పందం అమలు కాలేదని మావాళ్లు ప్రతి సభలోనూ బాధపడతారు. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకే మొదటి ప్రాధాన్యమని 1937లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని రాసుకున్నారు కదా. అమలు కాలేదనడం అన్యాయం. జమ్ము సీమలో పుట్టింది కాదా? దానికి అక్షరం పొల్లు పోకుండా అమలైంది. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు ఇచ్చిన 39.9 టీఎంసీల్లో తన వాటా ఎంతని అది ఏనాడూ అడగలేదు. అడిగితే కదా లేదనడానికి!

అసలు ఈ కాలువ చరిత్రలో లాభపడింది ఎవరో చూడండి. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రను మళ్లించి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా తీసుకుపోవాలి, పొలాలు తడవాలి, పడవలు తిరగాలి, వాటాదారుల జేబులు నిండాలి. జేబులు నిండలేదు. 1882లో సర్కారే కొనేసింది. కంపెనీ పోయింది, పడవలు పోయాయి. ఇప్పుడు ఎవరైనా సరదాపడి మా పిల్ల కాలువలో తెప్ప వేసినా పది గజాలు పోయేలోపు జమ్ములో ఇరుక్కుని, రెండు వైపుల నుంచి తాళ్లేసి లాగించుకోవాల్సిందే.

దాన్ని కలుపు అనేవాళ్లు పోరుమామిళ్ల చెరువు శాసనం చదవాలి. 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి, చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాతిమీద చెక్కించాడు. కట్ట కారడం ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఒకటి. నీళ్లు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం ఇంకొకటి. (ఆ పెద్దాయనకు మా జిల్లా భవిష్యత్తు అప్పుడే కనపడినట్టుంది.) ఆరూ వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. జమ్ము ఊసు లేదు. అంటే శాస్త్రం ప్రకారం అది నిర్దోషి.

మరి ఏటా టెండరు పిలిచి కోయిస్తున్నారు కదా అంటారా? అది కోత కాదు, క్షవరం. జమ్ము ప్రాణమంతా బురదలోని దుంపలో ఉంటుంది. ఆ దుంపకు ఊపిరి బోలు కాడల్లోంచి దిగుతుంది. నీటి మట్టానికి కిందుగా కోసి, మోడు మునిగి ఉండేట్టు చూస్తే దుంప ఊపిరాడక కుళ్లిపోతుంది. నీళ్లపైన జానెడు వదిలి కోస్తే నెల తిరిగేసరికి మళ్లీ పచ్చగా లేస్తుంది. మా దగ్గర ఎప్పుడూ జానెడు వదులుతారు. తెలియక కాదు. ఏ మంగలైనా కుదుళ్లతో సహా పీకేస్తాడా? వచ్చే ఏడు ఎస్టిమేటు వేయాలి, బిల్లు పెట్టాలి, కొలతల పుస్తకం నిండాలి. పైగా కోసిన మోపులు గట్టుమీదే వదిలేస్తారు. సజ్జకంకిలా ఉండే ఆ గోధుమరంగు కంకి ఒక్కటి ఎండి పగిలితే లక్షకు పైగా గింజలు దూదిలా లేచిపోతాయి. విత్తన పంపిణీ ఇంత సకాలంలో ఇంకే పంటకు జరుగుతుంది?

"ఈసారైనా అడుక్కంటా కోయిస్తారా మామా?" అని మా లస్కరును అడిగాను.

"కోయిస్తే నీళ్లు నీ మడికాడికి వస్తాయి. వస్తే నువ్వు రోజూ వచ్చి నన్నడుగుతావు. ఎందుకప్పా నాకీ తిప్పలు?" అన్నాడు.

నీటి సంఘం మీటింగులో ఈ మాట ఎత్తితే పెద్ద రభస అయింది. ముసలం పుట్టిందంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. యాదవులు సముద్రపొడ్డున తుంగ పీక్కుంటే అది ఇనుపరోకళ్లయిందని భారతం. ఇక్కడ రోకళ్లు కాలేదు, సెల్‌ఫోన్లయ్యాయి. ఎగువోళ్లు దిగువోళ్లను, దిగువోళ్లు ఎగువోళ్లను వీడియోలు తీసుకుని ఇంటికి పోయారు. అలాంటి గడ్డిలోనే కుమారస్వామి పుట్టి శరవణభవుడయ్యాడు. దేవుడైతే రెల్లుపొదలో దొరికాడు కానీ మాకు తూము చక్రం కూడా దొరకడం లేదు. జమ్ము కమ్మేసింది.

ఒక్క మాట మాత్రం ఎగతాళి లేకుండా చెబుతాను. ఊళ్ల మురుగు కలిసే చోట ఈ జమ్మే నీళ్లలోని నత్రజని, భాస్వరం పీల్చి ఎంతో కొంత తేటపరుస్తుంది. జీతం లేదు, పర్మినెంటు చేయమని ధర్నా లేదు. మా చిన్నాయన నాలుగు మోపులు తెచ్చి బర్రెల కొట్టం కప్పాడు. ఆ కాలువ నుంచి మా ఇంటికి దక్కిన రాబడి అదొక్కటే.

మొన్న ఈ-పంట నమోదుకు ఒక కుర్రాడు వచ్చాడు. పొలంలో నన్ను నిలబెట్టి ఫొటో తీయాలన్నాడు. నా మడి చూశాడు, నెర్రెలు చూశాడు, ఫోను దించేశాడు. "ఇక్కడొద్దు సార్, ఆ గట్టుమీదికి రండి, అక్కడ పచ్చగా ఉంది" అన్నాడు. పోయి నిలబడ్డాను. ఫొటోలో నా మొహం సరిగా రాలేదు కానీ, వెనక కంకులు మాత్రం బాగా పడ్డాయి.