డిస్పోజల్స్ లెక్కపెట్టి జట్టును ఎంపిక చేయలేరు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) చూసే మన తెలుగువాళ్ల మధ్య, గురువారం సాయంత్రం క్లబ్బులు జట్లు ప్రకటించగానే, ప్రతి సీజన్‌లోనూ ఒకే వాదన ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతుంది. దాని సారాంశం ఇది. ఆటగాడి ఫామ్ అంకెల్లోనే కనిపిస్తుంది. రిజర్వ్ జట్టులో ముప్ఫైసార్లు బంతి అందుకున్నవాడు కింద మిగిలిపోయి, సీనియర్ జట్టులో పదిసార్లు కూడా అందుకోనివాడు ఆడుతున్నాడంటే అది కోచ్ తనకు నచ్చినవాళ్లకు చేసే మేలు తప్ప మరొకటి కాదు. ఆట సాగని పెద్ద ఆటగాణ్ణి కొనసాగించడం, గాయం నుంచి లేచినవాణ్ణి నేరుగా పెద్ద మ్యాచ్‌లో దించడం పేరు చూసి పీట వేయడమే. గెలిచిన జట్టును మార్చడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఈ వాదన మనవాళ్లు పుట్టించినది కాదు, ఆస్ట్రేలియా అభిమానుల్లోనూ విస్తారంగా ఉన్నదే. అయితే మనవాళ్లు దీన్ని మరింత గట్టిగా నమ్ముతారు. ఇందులో దాదాపు ప్రతి మాటా తప్పని నా అభిప్రాయం. కొంత నిజమున్న చోట ఆ సంగతీ చెబుతాను.

ఈ ఆటను కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు మాటలు. ఈ ఆట అగ్రశ్రేణి లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌లో ఒక్కో జట్టు నుంచి మైదానంలో 18 మంది ఉంటారు. 2023 నుంచి 2025 దాకా మార్చుకోవడానికి నలుగురు, వ్యూహం కోసం ఎప్పుడైనా దించుకోగల ఒక సబ్ ఉండేవారు, 2026 నుంచి సబ్ లేకుండా మార్చుకోవడానికే ఐదుగురు. ఆ 23 మందిలో చోటు దొరకనివాళ్లు మెల్‌బోర్న్ క్లబ్బులకైతే కింది స్థాయి లీగ్ వీఎఫ్‌ఎల్‌లో, రిజర్వ్ జట్టు తరఫున ఆడతారు. డిస్పోజల్ అంటే ఆటగాడు కాలితోనో, హ్యాండ్‌బాల్‌గానో బంతిని వదిలిన ఒక్కో సందర్భం. వాదన అంతా ఈ డిస్పోజల్ అనే అంకె మీదే నిలబడింది.

ముందుగా ఆ అంకె సంగతే చూద్దాం. మనలో చాలామంది ఆడే ఏఎఫ్‌ఎల్ ఫాంటసీలో ఒక కిక్‌కు 3 పాయింట్లు, హ్యాండ్‌బాల్‌కు 2, మార్క్‌కు (తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకోవడం) 3, టాకిల్‌కు 4, గోల్‌కు 6. ఆ కిక్ నేరుగా ప్రత్యర్థి చేతుల్లో పడినా 3 పాయింట్లు 3 పాయింట్లే. గోల్ ముందు గాల్లోకి లేచిన ఫార్వర్డ్ చేతుల్లోంచి బంతిని పిడికిలితో పక్కకు కొట్టేసిన డిఫెండర్‌కు ఆ పనికి దక్కేది సున్నా. బంతి తన వైపు రాకుండానే నలభై మీటర్లు పరుగెత్తి ఖాళీని మూసినవాడికీ సున్నాయే. ఈ లెక్కతో వారమంతా గడిపినవాడికి ఆటగాళ్లు ఆ అంకెల్లాగే కనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు. దీనికి తోడు మనం క్రికెట్ నుంచి వచ్చినవాళ్లం. క్రికెట్‌లో పరుగు ఒకరిది, వికెట్ ఒకరిది, స్కోరుకార్డు చూస్తే మ్యాచ్ చాలావరకు అర్థమవుతుంది. ఫుటీని అర్థం చేసుకోవడానికి మన ఆటల్లో అంతకంటే దగ్గరగా ఉన్నది కబడ్డీ. కార్నర్‌లో ఉన్నవాడు రైడర్ చీలమండ దొరకబుచ్చుకుంటే ట్యాకిల్ పాయింటు అతని పేరున రాస్తారు. కానీ పక్కవాడి చెయ్యి పట్టుకొని, గొలుసు తెగకుండా కదిలి, రైడర్‌ను ఆ మూలకే వెళ్లక తప్పని స్థితికి తెచ్చినవాణ్ణి ఊళ్లో కబడ్డీ ఆడినవాళ్లెవరూ పనికిరానివాడనరు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2023 గ్రాండ్ ఫైనల్‌కు, అంటే సీజన్ టైటిల్ తేల్చే ఆఖరి మ్యాచ్‌కు, ముందు కాలింగ్‌వుడ్ ఫార్వర్డ్ డాన్ మెక్‌స్టే మోకాలి గాయంతో తప్పుకున్నాడు. అతని చోట బిల్లీ ఫ్రాంప్టన్‌ను తీసుకున్నారు. అతనికి అప్పగించిన పని గోల్స్ కొట్టడం కాదు, బ్రిస్బేన్ డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి హారిస్ ఆండ్రూస్‌ను అంటిపెట్టుకొని ఉండటం. గాల్లో వచ్చే బంతులను మధ్యలోనే పట్టేసి ఎదుటి జట్టు దాడిని తుంచేయడంలో ఆండ్రూస్ దిట్ట. అతణ్ణి స్వేచ్ఛగా తిరగనిస్తే కాలింగ్‌వుడ్ దాడులు గోల్ దాకా వచ్చి ఆగిపోతాయి. ఆ మధ్యాహ్నం ఫ్రాంప్టన్ చేతికి బంతి అందడమే అరుదు, గణాంకాల పట్టికలో అతని వరుస దాదాపు ఖాళీ. మ్యాచ్ మాత్రం కాలింగ్‌వుడ్ 90, బ్రిస్బేన్ 86. నాలుగు పాయింట్ల తేడాతో తేలిన ఫైనల్‌లో ఒక ప్రధాన డిఫెండర్ తన సహజమైన ఆట ఆడలేకపోవడం ఎంత విలువైనదో ఏ ఫాంటసీ లెక్కా చెప్పదు. డిస్పోజల్సే కొలబద్ద అయితే ఆ రోజు ఫ్రాంప్టన్‌ను తీసుకోవడం పొరపాటు కావాలి, కానీ అతను ప్రీమియర్‌షిప్ (టైటిల్) పతకం మెడలో వేసుకొని ఇంటికి వెళ్లాడు.

అంకెలకు విలువే లేదని నేననడం లేదు. 2018 తొలి రౌండ్‌లో హాథార్న్ ఆటగాడు టామ్ మిచెల్ ఒకే మ్యాచ్‌లో 54 డిస్పోజల్స్‌తో లీగ్ రికార్డు సృష్టించి, ఆ ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే 'బ్రౌన్‌లో' పతకం కూడా గెలిచాడు. అంతగా బంతి సంపాదించడం గొప్ప విద్య. అంత గొప్పవాణ్ణి కూడా 2022 చివర్లో హాథార్న్ వదులుకుంది. ఎందుకంటే తన యువ మిడ్‌ఫీల్డ్‌కు చోటివ్వడం ఆ క్లబ్బుకు అవసరమైంది. కాలింగ్‌వుడ్‌కు మాత్రం గుంపులోంచి బంతిని తవ్వి తీసేవాడే కావలసి వచ్చాడు, మరుసటి ఏడాది అతను ఫ్రాంప్టన్ పక్కనే పతకం అందుకున్నాడు. ఆటగాడు ఒక్కడే, రెండు జట్ల అవసరాలు వేరు.

ఇక రిజర్వ్ జట్టు వాదన. నేను ఏడాదికి నాలుగైదు వీఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు ఫుట్‌స్క్రేలోని విట్టెన్ ఓవల్‌లో కంచెకు ఆనుకొని నిలబడి చూస్తాను. పెద్ద స్టేడియంలో కనిపించని సంగతులు అక్కడ రెండు గజాల దూరంలో కనిపిస్తాయి, వినిపిస్తాయి కూడా. ఒక శనివారం ఒక మిడ్‌ఫీల్డర్‌కు మ్యాచ్ అంతా బంతి దొరుకుతూనే ఉంది. పక్కనే ఉన్న మిత్రుడు ఫోన్‌లో అంకెలు చూసి, "ముప్ఫై దాటేశాడన్నా, ఇతణ్ణి ఇంకా పైకి ఎందుకు తీసుకోరు?" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టి, బంతిని వదిలేసి, ఆ ఆటగాణ్ణే పది నిమిషాలు చూడమన్నాను. తన జట్టు చేతిలో బంతి ఉన్నంతసేపూ అతను వెనక ఖాళీలో నిలబడి, ఒత్తిడి లేని చోట హ్యాండ్‌బాల్ అందుకొని, మళ్లీ పక్కవాడికే ఇస్తున్నాడు. బంతి ప్రత్యర్థికి చేజారిన క్షణంలో అతని కాళ్లు ఆగిపోయాయి. అతను చూసుకోవలసిన ఆటగాడు మా ముందు నుంచే బూట్ల చప్పుడు వినిపించేంత దగ్గరగా దూసుకుపోయాడు, ఇతను నడుం మీద చేతులు పెట్టుకొని చూస్తున్నాడు. కంచె లోపల ఎవరో అతని పేరు పెట్టి గట్టిగా అరిచారు. అలా మూడుసార్లు జరిగింది, అందులో ఒకటి గోల్ అయింది. ఆ ముప్ఫైలో ఈ మూడూ ఎక్కడా లేవు, గురువారం కూర్చునే ఎంపిక సంఘం వీడియోలో మాత్రం ఈ మూడూ ఉంటాయి. మిత్రుడు ఆ తర్వాత ఫోన్ తీయలేదు.

ఆ ఆటగాడు చెడ్డవాడని కాదు, నేర్చుకోవలసినది మిగిలి ఉందని మాత్రమే. పైగా సీనియర్ జట్టులో ఖాళీ అయినది రక్‌మన్ (రిఫరీ బంతిని పైకి వేసినప్పుడు దాని కోసం గాల్లోకి లేచే పొడవాటి ఆటగాడు) చోటో, పొడవాటి డిఫెండర్ చోటో అయితే, కింద ఎంత బాగా ఆడినా మిడ్‌ఫీల్డర్‌తో దాన్ని పూరించలేరు. ఇంట్లో వంటమనిషి సెలవు పెడితే ఎంత మంచి డ్రైవరైనా వంటగదిలోకి వెళ్లి ఏం చేస్తాడు? గీలాంగ్‌లో మైదానం సన్నగా ఉంటుంది, వాన పడితే పొడవాటి ఫార్వర్డ్ ఒకరు ఎక్కువైపోతారు, ప్రత్యర్థి ఇద్దరు రక్‌మన్‌లతో వస్తే మన లెక్క మారుతుంది. ఇవన్నీ ప్రతి వారం కొత్తగా తేల్చుకోవలసిన విషయాలు.

రిజర్వ్ ఫామ్‌ను కోచ్‌లు అసలు పట్టించుకోరన్న ఆరోపణకు 2019 ఒక్కటే చాలు. ఆ ఏడాది మధ్యలో జరిగిన డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) రిచ్‌మండ్, సౌత్ ఫ్రీమాంటిల్ నుంచి మార్లియన్ పికెట్‌ను తీసుకుంది. జైలు జీవితం దాటి వచ్చిన మనిషి, అప్పటికి ఒక్క ఏఎఫ్‌ఎల్ మ్యాచ్ ఆడలేదు. వీఎఫ్‌ఎల్ గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ గాస్ పతకం గెలిచాడు. ఆ వారమే జాక్ గ్రాహం భుజం గాయంతో ఏఎఫ్‌ఎల్ గ్రాండ్ ఫైనల్‌కు దూరమైతే, రిచ్‌మండ్ పికెట్‌ను నేరుగా ఎంసీజీలో దించింది. గ్రాండ్ ఫైనల్‌తోనే లీగ్‌లో అడుగుపెట్టిన ఆటగాడు 1952 తర్వాత అతనే. 22 డిస్పోజల్స్, ఒక గోల్. ఆ గోల్ పడినప్పుడు మైదానంలో ఎక్కడెక్కడో ఉన్న రిచ్‌మండ్ ఆటగాళ్లందరూ పరుగెత్తుకొచ్చి అతని మీద పడటం చూసినవాడు, రిజర్వ్ ఆటకు విలువ లేదని ఇక అనలేడు. రిచ్‌మండ్ 89 పాయింట్ల తేడాతో గెలిచింది. అతణ్ణి ఎంపిక చేసినది పతకం గెలిచాడని మాత్రమే కాదు, గ్రాహం వదిలి వెళ్లిన పని చేయగల కాళ్లు, ఒత్తిడిలో నిలిచే గుండె అతనికున్నాయని వాళ్లు నెలల తరబడి చూశారు గనుక.

ఆట సాగనివాణ్ణి కొనసాగించడం గురించి మాట్లాడేటప్పుడు నాకు టామ్ బాయిడ్ గుర్తుకొస్తాడు, నేను వెస్టర్న్ బుల్‌డాగ్స్ అభిమానిని కాబట్టి ఇది నాకు దగ్గరి సంగతి. 2013 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక, ఏడాదికే గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ నుంచి పెద్ద ఒప్పందంతో మా క్లబ్బుకు వచ్చాడు. ఆ డబ్బు అంకెను అతని ప్రతి పొరపాటు పక్కనా రాసినవాళ్లు అప్పట్లో కోకొల్లలు. 2016లో కొంతకాలం వీఎఫ్‌ఎల్‌లోనే ఆడాడు. అంటే ఒప్పందం పెద్దదని పీట వేయలేదు, కిందికి పంపారు, తిరిగి తెచ్చారు. గ్రాండ్ ఫైనల్‌లో మూడు గోల్స్ కొట్టాడు. చివరి క్వార్టర్‌లో ఎంతో దూరం నుంచి అతను తన్నిన బంతి ఖాళీగా ఉన్న గోల్ ముందు నేల మీద ఎగిరెగిరి లోపలికి దొర్లింది. అది దొర్లుతున్నంతసేపూ 1954 నుంచి మరో టైటిల్ కోసం ఎదురుచూస్తున్న జనం ఊపిరి బిగబట్టారు. సిడ్నీ మీద 22 పాయింట్ల గెలుపు, ఏడో స్థానం నుంచి వచ్చిన జట్టుకు ప్రీమియర్‌షిప్. మరుసటి ఏడాది బాయిడ్ డిప్రెషన్‌తో ఆటకు విరామం తీసుకున్నాడు, 2019లో 23 ఏళ్లకే ఆట మానేశాడు. ఫామ్ అని మనం తేలికగా అనేసే మాట వెనక నిద్ర పట్టని రాత్రులు కూడా ఉండవచ్చునన్నది ఎంపికను విమర్శించే ముందు ఒక్కసారి తలచుకోవలసిన విషయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

గాయాల విషయంలో అవతలివాళ్ల వాదనకు కొంత బలముంది. 2022 గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీ గాయం అనుమానం తీరని సామ్ రీడ్‌ను ఆడించింది. అతను మ్యాచ్ మధ్యలోనే బయటికి వెళ్లవలసి వచ్చింది, గీలాంగ్ చేతిలో 81 పాయింట్ల ఓటమి. అది తప్పు నిర్ణయమే. కానీ 2023 ఆగస్టు మొదట్లో మోకాలి ఎముక చిట్లిన నిక్ డైకోస్, మధ్యలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా సెప్టెంబరు 22న ప్రిలిమినరీ ఫైనల్‌లో (సెమీఫైనల్ లాంటిది) దిగాడు, కాలింగ్‌వుడ్ ఒకే ఒక్క పాయింటుతో 58-57గా గట్టెక్కింది. 2025లో పిక్క గాయంతో సీజన్ అయిపోయిందనుకున్న లాకీ నీల్‌ను బ్రిస్బేన్ గ్రాండ్ ఫైనల్‌కు సబ్‌గా పెట్టుకొని ద్వితీయార్ధంలో వాడుకుంది, 47 పాయింట్లతో గెలిచింది. కాబట్టి ఇక్కడ అడగవలసినది శరీరం ఎంతసేపు నిలుస్తుంది, నిలవకపోతే మన దగ్గర మరో దారి ఏముంది అన్నది. బ్రిస్బేన్ ఆ దారిని ముందే సిద్ధం చేసుకుంది.

చివరగా, గెలిచిన జట్టును మార్చకూడదన్న మాట. 2010 గ్రాండ్ ఫైనల్ 68-68తో సమమై మళ్లీ ఆడవలసి వచ్చినప్పుడు, ఓడని జట్టులోంచే కాలింగ్‌వుడ్ అంతకుముందు ఏడాది ఆల్-ఆస్ట్రేలియన్ (లీగ్ ఉత్తమ ఆటగాళ్ల జట్టు)లో చోటు దక్కిన లియోన్ డేవిస్‌ను తప్పించి టైసన్ గోల్డ్‌సాక్‌ను తీసుకుంది. రెండో మ్యాచ్‌లో మొదటి గోల్ కొట్టినది గోల్డ్‌సాకే, సెయింట్ కిల్డా 56 పాయింట్లతో ఓడింది. 1993లో ఎసెండన్ ప్రిలిమినరీ ఫైనల్‌లో అడిలైడ్ మీద సగం ఆటకు 42 పాయింట్లు వెనకబడి కూడా గెలిచింది. అలా గెలిచిన జట్టులోంచి కోచ్ కెవిన్ షీడీ, ఆ సీజన్‌లో అప్పటిదాకా ప్రతి మ్యాచ్ ఆడిన డెరెక్ కికెట్‌ను గ్రాండ్ ఫైనల్‌కు తప్పించాడు. కార్ల్టన్ మీద ఎసెండన్ 44 పాయింట్లతో నెగ్గింది, ఫలితం షీడీ వైపే నిలిచింది. అయినా ఏడాదంతా ఆడినవాణ్ణి చివరి రోజున పక్కన పెట్టడం ఎంత బరువైన పనో ఆ ఫలితం చెప్పదు, ఆ విషయంలో అవతలి వాదన చేసేవాళ్ల కోపాన్ని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను. కికెట్ మళ్లీ ఎసెండన్ జెర్సీ వేసుకోలేదు. సిడ్నీకి వెళ్లి, 1996లో ఆ జట్టు తరఫున గ్రాండ్ ఫైనల్ ఆడి, నార్త్ మెల్‌బోర్న్ చేతిలో ఓడాడు.